ఏలిక్కుట్టి భోజనానికి రాలేదు

మా ఆఫీసులో రోజూ ఉదయం అందరూ లేచి నిలబడతారు. ప్రార్థనకు కాదు. ఎవరూ చచ్చిపోలేదు కూడా. నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేయబోతున్నారో ఒకరి తర్వాత ఒకరు చెప్పుకోవడానికి. కూర్చోబెడితే ఎక్కువ మాట్లాడతారని నిలబెడతారట. నిలబడి మాత్రం తక్కువ మాట్లాడతారా! నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజు కూడా ఇలాగే నిలబడ్డాను, కాకపోతే బెంచీ ఎక్కి. నాకు జీతం ఇవ్వలేదు.

మా ఆఫీసు అన్నానే గానీ ఆఫీసు నాది కాదు. కాక్కనాడ్‌లో ఆ భవనం నాలుగో అంతస్తు సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళది, దాని వెనక వంటగది నాది. అదీ నాది కాదు, కాంట్రాక్టు. నా పేరు పైలీ. అందరూ పైలీ చేట్టా అంటారు. అన్న అని పిలవడమే తప్ప అన్నకిచ్చే మర్యాద ఎవరూ ఇవ్వరు. పులుసులో ఉప్పు తగ్గితే మాత్రం "చేట్టా!" అని నాలుగు దిక్కుల నుంచీ వినిపిస్తుంది.

యజమాని పేరు శ్యాంలాల్. నిన్నగాక మొన్న చేరిన వాళ్ళు కూడా ఆయన్ని "శ్యాం" అనే పిలవాలి, అది అక్కడి పద్ధతి. నేను సార్ అంటాను. ఆయన "అయ్యో, సార్ ఏంటి చేట్టా" అంటాడు. ఆ అనడంలోనే, అను అని ఉంటుంది.

రోజూ ఉదయం నేను బల్లబల్లకూ వెళ్ళి మధ్యాహ్నానికి ఎవరికి ఏం కావాలో అడిగేవాణ్ణి. అలా అడుగుతూ నాలుగు మాటలు అనడం నాకు అలవాటు. నిన్న అన్నం పారేసిన వాడికి ఇవాళ అన్నం ఉందో లేదో తెలియనట్టు మొహం పెట్టేవాణ్ణి. ఉన్న ఒక్క సుఖమూ అదే. దాని మీదా శ్యాంలాల్ కళ్ళు పడ్డాయి. క్యాంటీన్లకు పనికొచ్చే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి అమ్ముతాడట. ముందు మా వంటగదిలో నడిపి చూస్తాడట. ఆ పని కొత్తగా చేరిన జిస్న అనే పిల్లకు అప్పగించాడు.

ఇడుక్కి కొండల్లోని నెడుంకండం నుంచి వచ్చిన పిల్ల. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టు ఉండేది. ఒక టీవీ లాంటిది తెచ్చి నా పొయ్యి ఎదురు గోడకు బిగించింది.

"పొద్దున పదింటికల్లా అందరూ ఫోన్లో నొక్కేస్తారు చేట్టా. ఎవరికేం కావాలో మీకు ఇందులో కనిపిస్తుంది. మీరిక తిరగక్కర్లేదు."

"తిరగడం ఎవరికి బరువైంది? నాకా, నీకా?"

"మీ మోకాళ్ళకి."

"నా మోకాళ్ళు నీ దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నాయా?"

"సారీ చేట్టా," అంది. గోడకూ సారీ చెప్పేలా ఉంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇది సరిగ్గా నడిస్తేనే నన్ను పర్మనెంట్ చేస్తారు. లేకపోతే ఈ నెలాఖరుకి ఇంటికే. కట్టప్పనలో మా మావయ్య పైపుల కొట్టులో బిల్లులు కొట్టాలి," అంది.

"పైపులకేం, పాచిపోవు. అన్నం పాచిపోతుంది," అన్నాను.

అదే వేళకు శ్యాంలాల్ తొంగిచూసి, "పైలీ చేట్టా, వాడేది మీరు. మీరు పనిచేస్తోందంటేనే పనిచేస్తున్నట్టు. నెలాఖరుకి మీ మాటే ఫైనల్," అని వెళ్ళిపోయాడు.

ఇన్నేళ్ళ నా బతుకులో నా మాట ఫైనల్ అన్నవాడు లేడు. చేయట్లేదు అనడానికి ఆ క్షణమే సిద్ధపడిపోయాను.

వారం రోజులు అది బుద్ధిగానే నడిచింది. నాకు అదీ నచ్చలేదు. తర్వాత ఒక బుధవారం ఉదయం తెర చూస్తే కర్రపెండలం, కవళ్ళ చేపల పులుసు కావాలన్నవాళ్ళు కిందకి దిగుతూనే ఉన్నారు, ఎంత జరిపినా అయిపోవడం లేదు. అన్నం అడిగినవాళ్ళు గుప్పెడు మంది. వీళ్ళకు ఇంత కర్రపెండలం మోజు ఎప్పుడు పుట్టిందా అనుకున్నాను. అయినా మనసులో కాస్త పొంగింది. కవళ్ళ పులుసు నా చేతిది. నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు. మనిషిని పంపి ఇంకో బుట్ట చేపలు తెప్పించాను. నాతో పనిచేసే ఇద్దరి చేతులూ దుంప చెక్కు తీసి తీసి వాచిపోయాయి.

మధ్యాహ్నం ప్లేట్లు వరసగా పెట్టి, తెర చూసి పేర్లు పిలవడం మొదలుపెట్టాను.

"ఏలిక్కుట్టీ!"

ఎవరూ రాలేదు.

"ఏలిక్కుట్టీ! పులుసు చల్లారిపోతోంది! మత్తాయీ! మత్తాయి ఎవరయ్యా? కుంజన్నా! టామీ!"

హాలు హాలంతా తినడం ఆపి నావైపు చూస్తోంది. టామీ అని ఇంకోసారి గట్టిగా అరిచాను. దూరంగా ఒక కుర్చీ కిందపడింది. జిస్న పరిగెత్తుకొచ్చింది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చేట్టా, పిలవకండి. ప్లీజ్. వాళ్ళు రారు."

"ఎందుకు రారు? నొక్కారుగా. ఏలిక్కుట్టి ఎవరు?"

"మా అమ్మమ్మ."

"మరి రమ్మను."

"పోయి అయిదేళ్ళయింది చేట్టా."

అలవాటు కొద్దీ శిలువ గుర్తు వేసుకున్నాను. "మత్తాయి?"

"మా పక్కింటాయన. ఏలకులు ఆరబెడతాడు."

"టామీ?"

ప్లేట్లు సర్దబోయింది.

"టామీ ఎవరే?"

"కుక్క."

ఎవరో నీళ్ళు తాగుతూ పొలమారారు. "చేపలు తింటాడా?" అన్నాను.

"తింటాడు చేట్టా. ముళ్ళు తీసిపెట్టాలి," అంది, ఏడుపు గొంతుతో, కానీ నిజాయితీగా.

సంగతేమిటంటే, ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి లేని మనుషులను కొందరిని సృష్టించాలట. ఊరికే అ, ఆ అని పెట్టడానికి మనసొప్పక ఈ పిల్ల ఇంట్లోవాళ్ళ పేర్లు, వీధిలోవాళ్ళ పేర్లు పెట్టింది. ఎక్కువమంది ఒకేసారి నొక్కితే తట్టుకుంటుందా అని ఒక్కొక్కరి చేత పదేసి ప్లేట్లు అడిగించింది. అవి తన పరీక్ష వరకే ఉంటాయనుకుంది. తిన్నగా నా పొయ్యి మీదికి వచ్చాయి.

"చచ్చిపోయినావిడ చేత పది ప్లేట్లు తినిపిస్తావా?" అన్నాను.

"బతికున్నప్పుడు బాగా తినేది చేట్టా."

ఆ రోజు భవనంలోని గేటు కాపలావాళ్ళు, ఊడ్చేవాళ్ళు, కింద ఆటోస్టాండు మొత్తం కవళ్ళ పులుసు తిన్నారు. ఒక్కరూ బాగుందనలేదు. ఊరికే వచ్చినదానికి రుచి ఉండదు.

సాయంత్రం గ్యాసు బండ కోసం వెనక్కి వెళితే, సరుకుల గదిలో జిస్న కూర్చుని ఏడుస్తోంది.

"అయిపోయింది చేట్టా. ఇక పైపుల కొట్టే."

"ఏడవాలంటే ఏడువు గానీ ఆ ఉల్లిపాయల బస్తా మీంచి లే. మెత్తబడిపోతాయి," అన్నాను.

మర్నాడు మీటింగ్ పెట్టారు. నష్టపోయిన పక్షం కాబట్టి నన్నూ రమ్మన్నారు. నేను తెల్లచొక్కా వేసుకుని వెళ్ళాను. ఆ పిల్లకు ఎలా చీవాట్లు పెడతారో చూడాలని ఉంది, అబద్ధం ఎందుకు? పడవల జెట్టీ దగ్గర హోటల్లో నేను మొదటిసారి పులుసు మాడ్చినప్పుడు యజమాని వేడి గరిటె నా వీపుకు ఆనించాడు. ఎందుకు మాడింది నాయనా అని కూర్చోబెట్టి అడగలేదు.

మీటింగ్ నడిపింది తుషార. జిస్నకు పని నేర్పే సీనియర్. నెమ్మదిగా మాట్లాడుతుంది, అందుకే అందరికీ భయం.

"పైలీ చేట్టా, ఇక్కడ ఒకటే నియమం. ఎవరు చేశారని అడగం. ఎలా జరిగిందనే అడుగుతాం."

"ఎలా జరిగిందో నేను చెప్తా. ఈ జిస్న చేసింది."

"పేరు చెప్పకూడదు చేట్టా."

"సరే. ఈ పిల్ల చేసింది."

"వేలు కూడా చూపించకూడదు."

"మరి కళ్ళతో చూడొచ్చా?"

బిజోయ్ అనే ఇంకో సీనియర్ నవ్వాపుకుంటూ, "పేరు చెప్పినవాళ్ళు అందరికీ అరటిపండు బజ్జీలు పెట్టించాలి చేట్టా, అది మా రూలు," అన్నాడు.

"బజ్జీలు వేసేది నేను. జరిమానా కట్టేదీ నేనేనా?"

"రూలు రూలే."

జిస్న చెయ్యెత్తింది. "నేనొకటి చెప్పాలి. తప్పు నాదే."

"నీ పేరు నువ్వు కూడా చెప్పకూడదు," అంది తుషార. "ఏం జరిగిందో చెప్పు. పరీక్ష పేర్లు వంటింటికి ఎందుకొచ్చాయి?"

"రెండూ ఒకే చోట ఉన్నాయి."

"ఎందుకు ఒకే చోట?"

"పరీక్షకి వేరే చోటుంటుందని నాకు తెలీదు."

"ఎందుకు తెలీదు?"

"అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"అడిగితే, ఈమాత్రం తెలీకుండానే ఉద్యోగానికి వచ్చిందా అనుకుంటారని."

తుషార లేచి గోడ మీది తెల్లబోర్డు మీద 'అడగడానికి భయం' అని రాసి, దాని కింద గీత గీసింది. దొంగను పట్టుకున్నట్టు! అప్పుడు మొదలైంది అసలు వింత. బిజోయ్, తను చేరిన ఏడాది ఓణం ముందురోజు ఒక బట్టల కొట్టు సరుకుల లెక్కంతా తుడిచిపెట్టిన కథ చెప్పాడు. ఇంకొకడు ఊళ్ళో వాళ్ళందరికీ ఒకే ఇంటి నంబరు ఇచ్చిన కథ చెప్పాడు. ఒకరిని మించి ఒకరు, యుద్ధంలో తగిలిన దెబ్బలు చూపించుకుంటున్నట్టు. జిస్న మొహంలోకి కొద్దికొద్దిగా రంగు వచ్చింది. నాకు కడుపు మండింది. ఇంతంత తప్పులు చేసినవాళ్ళంతా ఏసీలో ఉన్నారు, ఒక్క పులుసు మాడ్చిన నేను పొయ్యి ముందున్నాను.

చివర్లో శ్యాంలాల్ గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ ఎవర్నీ నిందించం. చాలా మంచి పద్ధతి. కానీ నెలాఖరు నెలాఖరే. ఆఖరి శుక్రవారం అరూర్ నుంచి చాకప్పన్ ముతలాళి వస్తున్నాడు. రొయ్యల షెడ్డు యజమాని, పెద్ద క్యాంటీనుంది, ఇది చూసి కొనేలా ఉన్నాడు. ఆ రోజు ఇది నడవాలి. నడవకపోతే..." అని, ఎవరి పేరూ చెప్పకుండా జిస్న వైపు చూశాడు.

కళ్ళతో చూడొచ్చన్నమాట.

ఆ తర్వాత ఆ పిల్ల అడగడం మొదలుపెట్టింది. అడగమన్నారు కదా అని అందరినీ అన్నీ అడిగేది. "చేట్టా, కొంచెం పులుసు అంటే ఎంత?" "చేట్టా, సగం ప్లేటు అన్నవాళ్ళు నిజంగా సగమే తింటారా?" బిజోయ్ బాత్రూములోకి పారిపోతే తలుపు బయట నిలబడేది. చివరికి తుషార పిలిచి, ముందు అరగంట నువ్వే తంటాలు పడు, ఏమేం చేసి చూశావో నాలుగు మాటల్లో రాసుకో, అప్పుడు అడుగు అని చెప్పింది. అలా చేస్తే సగం ప్రశ్నలకు రాస్తుండగానే జవాబు దొరుకుతోందని జిస్న నాతో అంది. మిగతా సగం నా ప్రాణానికి మిగిలాయి.

తను రాసిన ప్రతి ముక్కా తుషార చూసి, తప్పులు గుర్తుపెట్టి వెనక్కి పంపేది. మొదట్లో ఒక్కో తప్పుకూ చెంపదెబ్బ తిన్నట్టు వచ్చి నా దగ్గర పాలు లేని కట్టన్ చాయ తాగేది. రెండు వారాలు గడిచేసరికి వరస మారింది.

"చేట్టా, ఇవాళ తుషార చేచి పద్నాలుగు తప్పులు చూపించింది!"

"అక్క తప్పులు పట్టిందని సంతోషం ఎందుకే?"

"మొన్నటివి ఒక్కటీ లేవు. అన్నీ కొత్తవి."

ఇలాంటివాళ్ళతో ఏం మాట్లాడతాం?

ఆఖరి శుక్రవారం వచ్చింది. ఈస్టరు ముందరి ఉపవాసాల రోజులు. ఉదయం తెర చూస్తే బీఫ్ వేపుడు అడిగినవాళ్ళు నిన్నటిలాగే ఒక దండు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఉపవాసాల్లో, అందులోనూ శుక్రవారం, మాంసం అడుగుతారా! వీళ్ళ తరానికి దేవుడు కూడా ఫోన్లో నొక్కితే వచ్చే సరుకే అని పొయ్యికి వినపడేలా తిట్టాను. మాంసం మంచుపెట్టెలోంచి తీయించాను. ఎర్రబియ్యం కడిగి, ఎసరు మరుగుతుంటే చేట చేతికి తీసుకున్నాను.

అప్పుడే శ్యాంలాల్ అతిథిని వెంటబెట్టుకుని వచ్చాడు. చాకప్పన్ ముతలాళి తెల్ల ముండు పంచె కట్టుకుని, చంకలో చిన్న సంచీతో, అడుగు పెట్టగానే ఎసరు వైపు చూశాడు. తిండి పెట్టించే మనిషేనని తెలిసిపోయింది.

"చూడండి సార్, నిమిష నిమిషానికీ అంకె మారుతుంది. పొరపాటన్న మాటే ఉండదు," అంటున్నాడు శ్యాంలాల్.

జిస్న వంటగదిలోకి దూసుకొచ్చింది.

"చేట్టా, ఆగండి! బియ్యం వెయ్యకండి!"

"ఏమైంది?"

"ఆ అంకెలు నిన్నటివి. ఇవాళ్టివి రావట్లేదు. నిన్న సాయంత్రం నేనే ఒకటి మార్చా, దానివల్లే. ఎక్కడ తప్పిందో ఇంకా తెలీలేదు. కానీ అవి చూసి వండకండి."

శ్యాంలాల్ పెదాలు నవ్వుతున్నాయి, మొహం నవ్వడం లేదు. "జిస్నా, మనం తర్వాత మాట్లాడదాం."

"తర్వాతంటే బియ్యం పడిపోతుంది శ్యాం."

"గెస్ట్ ఉన్నారు."

"వాళ్ళూ ఇక్కడే తినాలి కదా."

నెల కిందటి పిల్ల అయితే ఈపాటికి ఉల్లిపాయల బస్తా మీద ఉండేది. ఇప్పుడు పొయ్యికీ నాకూ మధ్య నిలబడి ఉంది. ముతలాళి మాత్రం కూతుర్ని పిలిచినట్టు తాపీగా అడిగాడు. "నిన్నటివైతే ఏం పోయింది మోళే? కాస్త అటూ ఇటూ అంతేగా?"

"నిన్న గురువారం సార్. ఇవాళ సగంమంది మాంసం ముట్టరు."

నేను చేట కింద పెట్టాను. పొద్దున్నుంచీ దేవుడి పేరు చెప్పి వాళ్ళను తిట్టిన తిట్లన్నీ ఏం చేయాలో తెలియలేదు. వెనక్కి తీసుకోవడం నాకు అలవాటు లేదు, ఇంకెప్పటికైనా పనికొస్తాయని ఉంచుకున్నాను.

జిస్న, తుషార, బిజోయ్ ముగ్గురూ హాలును తలా ఒక మూలా పంచుకుని, ఒక్కొక్కరినీ అడిగి కాగితాల మీద రాసుకొచ్చారు. మాంసం మళ్ళీ మంచుపెట్టెలోకి పోయింది. గుమ్మడికాయ కూర, మజ్జిగపులుసు, చేపల వేపుడు వండాను. భోజనం వేళ దాటలేదు. ముతలాళి రెండోసారి అన్నం పెట్టించుకుని, చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నాడు. ఆయన ఎదురుగా శ్యాంలాల్, పక్కన తుషార. జిస్న గోడకు ఆనుకుని నిలబడింది.

పోయేదెలాగూ పోయింది, వంటవాడి చేతనైనా ఒక మంచి మాట అనిపిద్దామనుకున్నాడేమో శ్యాంలాల్, నన్ను పిలిచాడు. "చేట్టా, ఒక్క రోజుదేముంది. నెలంతా వాడారు. మీ మాట ఫైనల్ అన్నానుగా. పనిచేస్తోందా, లేదా?"

నెల రోజులుగా నాలుక మీద పెట్టుకు తిరిగిన మాట. తీరా చూస్తే నిజమై కూర్చుంది.

"చేయట్లేదు," అన్నాను.

జిస్న నేల చూసింది. శ్యాంలాల్ కళ్ళు మూసుకున్నాడు.

"ఇవాళ నిన్నటిది చూపించింది. రేపు మొన్నటిది చూపించదని నేను ఒట్టేసి చెప్పను. యంత్రం సంగతి అది. కానీ ఈ పిల్ల బియ్యం పడకముందు వచ్చి చెప్పింది. నన్ను తిట్టిన వాళ్ళంతా పడ్డాకే చెప్పారు. గరిటె పట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నా, ముందు వచ్చి చెప్పినవాళ్ళు లేరు."

అంతకంటే మంచి మాట నా నోట రాదు. రావాలని నేను అనుకోనూ లేదు.

ముతలాళి పళ్ళ సందున పుల్ల పెట్టుకున్నాడు. "నా షెడ్డులో ఐసు కరిగిందని నాకు ఎవరు చెప్తారో తెలుసా? వాసన చెప్తుంది. అంతమంది సూపర్‌వైజర్లు, ఒక్కడూ నోరు తెరవడు." జిస్న వైపు తిరిగాడు. "మీ యంత్రం ఇంకా పచ్చిగానే ఉంది, నాకు కనిపిస్తోంది. అది బాగయ్యేదాకా ఈ అమ్మాయిని మా క్యాంటీన్లో కూర్చోబెట్టండి. అట్లా అయితే తీసుకుంటా. వేరేవాళ్ళయితే వద్దు. ఈవిడ మీ మనిషేనా, నాలుగు రోజులకి వచ్చిపోయే మనిషా?"

"మా మనిషే సార్! పర్మనెంట్!" అన్నాడు శ్యాంలాల్, ఊపిరి తీసుకోకుండా.

"ఎప్పట్నుంచి?" అంది జిస్న.

తుషార దగ్గింది. శ్యాంలాల్ అటూ ఇటూ చూశాడు.

"పొద్దున్నుంచి," అన్నాడు. "కాగితం సాయంత్రం ఇస్తా."

ముతలాళిని కారెక్కించడానికి అందరూ కిందికి వెళ్ళారు. కాసేపటికి జిస్న ఒక్కతే తిరిగొచ్చింది. థాంక్స్ చెబుతుందేమో, ఎలా తప్పించుకోవాలా అని నేను గిన్నెలు తోమేవాళ్ళ వైపు జరిగాను. చెప్పలేదు. ప్లేటులో మిగిలిన అన్నం, మజ్జిగపులుసు పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. నాలుగు ముద్దలు తిన్నాక ఎడమ చేత్తో ఫోను తీసి పక్కన పెట్టుకుంది.

"చేట్టా, చేయట్లేదు అన్నారు కదా. ఎక్కడెక్కడ చేయట్లేదో చెప్పండి, రాసుకుంటా."

"ఇప్పుడా?"

"ముందే చెప్తే మంచిది కదా."

గరిటె పక్కన పెట్టి, ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను. మొదట అక్షరాల సైజు దగ్గర ఎత్తుకున్నాను. తర్వాత ఆ నీలం రంగు. ఆ తర్వాత ఆర్డరు వచ్చినప్పుడల్లా అది చేసే పిచ్చుక కూత. అక్కడి నుంచి ఆఫీసు మీదికి, వాళ్ళు అన్నం పారేసే పద్ధతి మీదికి, శ్యాంలాల్ కట్టించిన పొగగొట్టం మీదికి వెళ్ళాను. ఆ పిల్ల తలెత్తకుండా రాసుకుంటూనే ఉంది. సాయంత్రం చాయ వేళ అయింది, పాల గిన్నె పొయ్యెక్కలేదు, హాల్లోంచి చేట్టా చేట్టా అని కేకలు మొదలయ్యాయి.

నేనింకా సగానికి రాలేదు.